జాబితాలో లేని పండగ

"మన దేశంలో అందరూ చేసుకునే పండగ ఏది?" అని అడిగితే మా హాస్టల్లో చాలామంది దీపావళి అన్నారు. కానీ దేశమంతటా తప్పకుండా సెలవు ఉండేవి మూడే రోజులు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2. మిగతావన్నీ రాష్ట్రాన్ని బట్టి, మతాన్ని బట్టి మారిపోతాయి.

జెండా పండగలకు మేము పాడే పాటకు మా పక్కూరు మదనపల్లెతో చుట్టరికం ఉంది. 1919 ఫిబ్రవరిలో ఠాగూర్ అక్కడి బిసెంట్ థియసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ మాట చెప్పుకుంటే గర్వంగానే ఉంటుంది. అయినా జెండా వందనం అయ్యాక మిఠాయి తీసుకుని రూముకొచ్చి పడుకుంటాం, అంతే.

సంక్రాంతి సంగతి వేరు. నా రూమ్మేట్‌ది కుప్పం, ఇంట్లో తమిళం. ఉగాది పచ్చడీ తింటాడు, ఏప్రిల్‌లో తమిళ సంవత్సరాదీ చేసుకుంటాడు. సంక్రాంతిని మాత్రం పొంగల్ అంటాడు. అస్సాంలో అదే రోజుల్లో బిహు, పంజాబ్‌లో లోహ్రీ. అన్నిటికీ సూర్యుడి లెక్కే ఆధారం. చాలాచోట్ల పంట ఇంటికొచ్చే కాలం కూడా అదే. అందుకే పేరు మారినా పండగ అంత దూరం పాకింది.

మాది పుంగనూరు. కనుమ మాకు పశువుల పండగ. ఆవుల కొమ్ములకు రంగులు పూసి, సాయంత్రం చిట్లాకుప్పకు నిప్పు పెడతారు. తాత పోయినాక మా కొట్టం ఖాళీ అయింది. ఇప్పుడు అవ్వ అంటుంది, "సంక్రాంతికి రాకపోయినా పర్వాలేదు సామీ, జాతరకు మాత్రం వచ్చేయ్."

జాతర అంటే సుగుటూరు గంగమ్మ జాతర. జమీందారుల ప్యాలెస్‌లో అమ్మవారు కొలువుదీరుతుంది. బెంగళూరులో ఉండే చిన్నాయన వాళ్లు సంక్రాంతికి రారు, దీనికి వస్తారు. ఎందుకని ఆలోచిస్తే ఒకటి తట్టింది. దీపావళి బెంగళూరులోనైనా, అమెరికాలోనైనా చేసుకోవచ్చు. మా గంగమ్మ జాతర పుంగనూరులోనే చేసుకోవాల. వెంట తీసుకుపోగలిగిన పండగ దేశమంతా తిరుగుతుంది. తీసుకుపోలేనిది మనుషుల్నే వెనక్కి పిలుస్తుంది.

పోయినేడు జాతర రోజే ల్యాబ్ ఇంటర్నల్ వేశారు. అడిగితే, అది సెలవుల జాబితాలో లేదన్నారు. నేను పోలేకపోయినా. అవ్వ ఫోన్లో ఒక్క మాట అనలేదు. "పరీక్ష బాగా రాసినావా నాయనా?" అనింది. తిట్టుంటే బాగుండేది.

కుప్పంలో గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. మా రూమ్మేట్‌కు అప్పుడు సెమిస్టర్ పరీక్షల భయం. వచ్చే ఏడాది ఇద్దరమూ ఉద్యోగాల్లో ఉంటాం, అక్కడి జాబితాలోనూ ఈ రెండు జాతరలూ ఉండవు. అందుకే ముందే అనుకున్నాం: దీపావళికి మేం డ్యూటీ చేస్తాం, జాతరకు సెలవు అడుగుతాం. అవ్వకు ఇప్పుడు డెబ్బై ఎనిమిది.