బెండు మునిగితే... పండగే!

అనంతపురం సీమ అనగానే వేరుశనగ చేలూ, బీడు భూములూ కళ్లముందు మెదులుతాయి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అలాంటి చోట చేపల వేటా... అని నవ్వకండి. పేరులోనే చెరువున్న కొత్తచెరువు దగ్గర ఓసారి ఆగండి. అక్కడి నుంచి పుట్టపర్తి దారిలో వెళితే బుక్కపట్నం చెరువు. విజయనగర రాజుల కాలం నాటిది. చిత్రావతి పారిందంటే ఈ ప్రాంతానికి సముద్రం వచ్చినట్టే! చెరువులో నీళ్లు చేరాయో లేదో, అటకల మీది గాలాలు కిందికి దిగుతాయి.

గాలం వేయడానికి ఏం కావాలి? వెదురు గడ, దారం, కొక్కెం, సీసం ముక్క, వానపాము. ఇవన్నీ ఉన్నా బెండు సరిగ్గా లేకపోతే చేప బుట్టలో పడదు.

నెమలీక... చెప్పు ముక్క

పాతకాలం వాళ్లకి జీలుగుబెండే బెండు. అది దొరక్కపోతే ఎండిన జొన్నదంటు. పైతొక్క ఒలిచేస్తే లోపలి బెండు తేలిగ్గా తేలుతుంది. కాకపోతే కాసేపటికి నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. నెమలీక కాడకి ఆ బెడద లేదు. సన్నగా, నిలువుగా నిలబడి చేప ఎరను ముట్టుకున్నా చెప్పేస్తుంది (రాలిన ఈకలే సుమా, నెమలిని పట్టడం నేరం). ఇక పిల్లకాయలకు అరిగిపోయిన హవాయి చెప్పూ, థర్మోకోలూ ఉండనే ఉన్నాయి.

పెద్ద బెండైతే దూరానికి బాగా కనిపిస్తుంది కదా అనుకుంటారు కొత్తవాళ్లు. అక్కడే పొరపాటు. ఎరను లాగినప్పుడు బరువు తగిలితే చేప దాన్ని ఉమ్మేసి పోతుంది. అందుకే బెండు కొస మాత్రమే పైకి కనిపించేంత వరకూ సీసం కట్టాలి. అయితే ఆషాఢం గాలుల్లో ఈ లెక్క మారుతుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు మరి! ఆ అలల్లో సన్న కాడ కనిపించదు. కాస్త లావు బెండు, ఇంకాస్త సీసం తప్పవు. దారాన్ని బెండు అడుగున మాత్రమే కడితే గాలికి కొట్టుకుపోవడం తగ్గుతుంది.

ఏ చేపకు ఏ తీరు?

బొచ్చె పైనీళ్లలో మేస్తుంది. దానికి బెండు కింద దారం కొద్దిగా ఉంటే చాలు. శీలావతి నడినీళ్లలో, మోసు అడుగున తిరుగుతాయి. మోసు ఎరను పైకెత్తితే సీసం బరువు తగ్గి, నిలువుగా ఉన్న బెండు పక్కకు వాలిపోతుంది. మునగలేదు కదా అని ఊరుకుంటే చేప పోయినట్టే. జిలేబి టుక్కుటుక్కుమని పొడుస్తుంది. కొర్రమీను తీరే వేరు. బెండును ఈడ్చుకుపోతుంది. దానికి మింగే వ్యవధి ఇచ్చి లాగాలి. అందుకే గట్టు మీద పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మాట ఒకటే... ‘తొందరపడాకప్పా, బెండు చెప్తాది’.

నీళ్లుంటేనే...

ఈ చెరువుల్లో చేప ఊరికే రాదు. మత్స్యకారుల సంఘాలు లీజు కట్టి, పిల్లలను వదిలి పెంచుకుంటాయి. గాలం వేయాలన్నా వాళ్లను అడగాల్సిందే. వాన మొహం చాటేస్తే చేపపిల్లలతో పాటు పెట్టిన డబ్బూ ఎండిపోతుంది. 2016లో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్లు పెనుకొండ దగ్గరి గొల్లపల్లి రిజర్వాయరు దాకా వచ్చాక ఈ వైపు చెరువులకూ ఆశ పుట్టింది.

గాలం వేసేవాళ్లు ముందుగా సీసాన్ని అడుగుకి వదిలి లోతు చూసుకుని, దాన్నిబట్టి బెండును దారం మీద పైకో కిందికో జరుపుతారు. చెరువు నిండిన ఏడు బెండు పైకి జరుగుతుంది. ఎండలు ముదిరేకొద్దీ కొక్కేనికి దగ్గరవుతూ వస్తుంది. చివరికి జానెడు దారం మిగిలిందంటే గాలాన్ని మళ్లీ అటకెక్కించే రోజు వచ్చినట్టే. కొత్తచెరువు వైపు జనం బెండును చూసేది చేప కోసమే కాదు... ఇంకెన్నాళ్లకు నీళ్లున్నాయో తెలుసుకోవడానికి కూడా!