మా ఇంటికి ఏ కప్పు?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి మాట మా అమ్మాయి డిగ్రీ అయ్యాక చూద్దాం గానీ, ఇల్లు మాత్రం కట్టి చూశాం. గదులెన్ని, వంటిల్లు ఏ మూల అన్నంత వరకు మా ఇంట్లో మాటా మాటా రాలేదు. కప్పు దగ్గరకొచ్చేసరికి మొదలైంది. మీలో ఎవరైనా ఇల్లు కట్టే ఆలోచనలో ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

మాది రాజమండ్రి. స్థలం 200 గజాలు. అందులో మావగారి నాన్నగారు కట్టించిన పాత పెంకుటిల్లు ఉండేది. దూలాలు చెదపట్టాయి, ఇక లాభం లేదని పడగొట్టి కొత్తది కడదామనుకున్నాం. మావారు "శ్లాబు వేసేద్దాం, రేపు పిల్లలకి పైన మరో అంతస్తు వేసుకోవచ్చు" అన్నారు. నేను మాత్రం మంగుళూరు పెంకులే కావాలని పట్టుబట్టాను. మండువేసవిలో పెంకుటింట్లో మధ్యాహ్నం కునుకు తీసినవాళ్ళకి ఆ సుఖం తెలుసు. పెంకుల సందుల్లోంచి వేడిగాలి పోతుంది, సాయంత్రానికి కప్పు చల్లబడుతుంది. శ్లాబు అలా కాదు. పగలంతా ఎండ తాగి, రాత్రి మన నెత్తిన కక్కుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మావారితో వాదించేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాను. "అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడకి అలవాటైన ఇల్లు అది. శ్లాబు కింద ఉడికిపోతారు" అని. అమ్మ పేరు చెప్పేసరికి ఆయన నోరు మూతపడింది. నేనే గెలిచానని మురిసిపోయాను.

ప్లాను గీసే ఇంజనీరుగారు వచ్చి లెక్క చెప్పారు. మా స్థలానికి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలట. పాత ఇల్లు హద్దు గోడని ఆనుకునే ఉండేది, చూరు నీళ్ళు పక్కవాళ్ళ పెరట్లో పడేవి. ఆ రోజుల్లో సర్దుకుపోయారు, ఇప్పుడలా కుదరదు. పెంకు కప్పు వేస్తే చూరు గోడ దాటి అడుగు, అడుగున్నర ముందుకొస్తుంది కదా, ఆ వచ్చేది వదిలిన మీటరులోకే. ఆ నీళ్ళు పట్టడానికి చూరు పొడుగునా రేకు కాలువ పెట్టాలి. "వద్దనడం లేదమ్మా, అన్నీ ప్లానులోనే చూపించాలి. తరవాత మార్చాలంటే చిక్కు" అన్నారాయన.

అప్పుడు, గుమ్మం పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్న అత్తయ్యగారు తలెత్తారు.

"నన్నెవరైనా అడిగారా అమ్మాయ్?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

"ఏటా వానలకి ముందు మనిషిని పిలిచి పగిలిన పెంకులు మార్పించింది నేను. ఎలుకలు, పిల్లులు పెంకులు కదిపేస్తే రాత్రిళ్ళు లేచి గిన్నెలు పెట్టింది నేను. ఒక్క వడియం ఎండబెట్టుకోవాలంటే ఎదురింటి డాబా అడుక్కున్నది నేను. ఈ వయసులోనైనా నా డాబా మీద నా మిరపకాయలు పోసుకోనివ్వండి" అన్నారు.

నాకు చటుక్కున 1996 నవంబరు 6 రాత్రి గుర్తొచ్చింది. మా పుట్టిల్లు కోనసీమలో. అప్పుడు నేను ఇంటరు చదువుతున్నాను. తుఫాను గాలికి మా పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసి, తను దుప్పటి కప్పుకుని బయటే కూర్చుంది. ఆ రాత్రి మర్చిపోయి, మధ్యాహ్నం కునుకు మాత్రం గుర్తుంచుకున్నాను చూడండి! పైగా నా సరదాకి ఆవిడ పేరు వాడుకున్నాను. ఆ రాత్రి మావారికి ఆ మాటే చెప్పేశాను. నవ్వి ఊరుకున్నారు.

శ్లాబే వేశాం. ముందు వరండాకి మాత్రం పాత పెంకుల్లో బాగున్నవి ఏరి వాలుగా కప్పించాం. దాని చూరు మా హద్దులోనే ఉండేలా ప్లానులోనే గీయించాం.

ఇక మీకు నా సలహాలు. శ్లాబు వేశాక మడులు కట్టి నీళ్ళు నిలుపుతారు, ఆ తడిపే పనికి తొందరపడకండి. పైన గచ్చు చేయించేటప్పుడు పది అడుగులకి ఒకటి రెండు అంగుళాల వాటం ఉందో లేదో చెంబుడు నీళ్ళు పోసి మీరే చూసుకోండి. ఆ నీళ్ళు గొట్టం ద్వారా ఇంకుడు గుంటలోకి పంపండి. వేడి తగ్గడానికి ఉగాదికి ముందే డాబా శుభ్రంగా కడిగి, సున్నంలో కాస్త జిగురు కలిపి, ఎండ తగ్గాక రెండు పూతలు వేయించండి. కళ్ళలో పడకుండా జాగ్రత్త. తెలుపు ఎండని వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇలాంటి చల్లని కప్పుల కోసం ఒక విధానమే తెచ్చిందని హైదరాబాదులో ఉన్న మా చెల్లెలు చెప్పింది. వానలకి సున్నం పోతుంది కనుక ఏటా వేయాల్సిందే.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర చెబుతున్నాను. ఇంట్లో పెద్దవాళ్ళ తరఫున మాట్లాడే ముందు ఒక్కసారి వాళ్ళనే అడగండి. మొన్న మాఘమాసంలో మా అత్తయ్యగారు పిట్టగోడ పట్టుకుని నెమ్మదిగా మెట్లెక్కి, తెల్లటి డాబా మీద గుమ్మడి వడియాలు పెట్టారు. ఎదురింటావిడని కేకేసి మరీ చూపించారు.