వికారాబాద్ - తాండూరు: ముప్పావు గంట దూరం

పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా పేరు మీద వెలసిన వికారాబాద్ నుంచి, నాపరాళ్లకూ కందులకూ పేరుగాంచిన తాండూరుకు రైలుమార్గాన సుమారు 40 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బండి ముప్పావు గంటలో చేరుస్తుంది. సికింద్రాబాద్‌ను వాడి జంక్షన్‌తో కలుపుతూ నిజాం రాజ్యంలో 1874లో ప్రారంభమైన ఈ మార్గం, అనంతగిరి కొండలను వెనుక వదిలి ధారూర్, రుక్మాపూర్ స్టేషన్ల మీదుగా పడమరకు సాగుతుంది.

ఒకనాడు ఆ బండిలో తాండూరు నాపరాళ్ల వ్యాపారి ఒకరు నా పక్కన కూర్చున్నారు. 2016లో వికారాబాద్ జిల్లా కేంద్రమైనప్పటి నుంచి కార్యాలయాల పనుల మీద తరచూ వచ్చి, సాయంత్రానికి తిరిగి వెళుతున్నారట. మాటల మధ్య ఆయన, "మౌలానా సాబ్, పోను 40, రాను 40, మొత్తం 80 కిలోమీటర్లు. ముసాఫిర్‌నే కదా! వికారాబాద్‌లో జుహర్ రెండు రకాతులే చేస్తున్నాను" అన్నారు.

నా మనసు బరువెక్కింది. మౌనంగా ఉంటే ఆయన సంతోషం చెడదు. కాని ఫర్జ్ ఆయన మెడపైనే మిగిలిపోతుంది. చెప్పక తప్పలేదు.

ప్రయాణంలో నమాజును ఖస్ర్ చేసే అనుమతి దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరాలో ఉంది. అది అల్లాహ్ దాసులకు ప్రసాదించిన దానమని దైవప్రవక్త (సల్లం) వివరించారు. అయితే దానికి హద్దు ఉంది. హనఫీ మస్లక్ ప్రకారం అది మూడు దినాల నడక దూరం. మన దేశపు ఉలమా దీనిని 48 మైళ్లుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కకట్టారు. ఈ దూరం ఒకవైపుదే. రాకపోకలను కలిపి లెక్కించరాదు.

"మరి హైదరాబాద్ వారు రెండు గంటల్లోనే తాండూరు చేరుతున్నారే?" అని ఆయన అడిగారు.

ఇక్కడ కొలమానం కాలం కాదు, దూరం. విమానంలో కొన్ని గంటల్లో జిద్దా చేరినవాడు కూడా ముసాఫిరే. హైదరాబాద్ నుంచి తాండూరు 100 కిలోమీటర్లు దాటుతుంది. కనుక అక్కడికని సంకల్పించి నగర పొలిమేర దాటినవాడు దారిలో వికారాబాద్‌లో ఆగినా రెండు రకాతులే చేస్తాడు. వికారాబాద్ వరకే వచ్చినవాడు నాలుగూ చేయాలి. ఆ దూరం 77 కిలోమీటర్లకు లోపే. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి, బయలుదేరిన చోటునూ సంకల్పాన్నీ బట్టి, ఆదేశం వేరవుతుంది.

ఆయన వేళ్లు మడుస్తూ చాలాసేపు లెక్కపెట్టుకున్నారు. "ఎన్నయ్యాయో గుర్తు లేదు" అన్నారు బాధగా.

"స్థానిక ఇమామ్ వెనుక జమాఅత్‌తో చేసినవి నాలుగు రకాతులుగానే పూర్తయ్యాయి. ఒంటరిగా చేసినవే ఖజా చేయాలి. మనసు కుదుటపడేంత అంచనా వేసుకుని, రోజుకు కొన్ని చొప్పున తీర్చుకోండి. తౌబా ద్వారం తెరిచే ఉంది" అన్నాను. ఆయన ముఖం తేటపడింది.

తాండూరులో దిగేసరికి అసర్ అజాన్ వినిపించింది. ఆయన సంచీ భుజాన వేసుకుని నాకంటే ముందే మస్జిద్ దారి పట్టారు.