కృష్ణ ఒడ్డున ఇటలీ పద్దు

కొల్లూరు పేరెత్తితే మన మాట వెంటనే కోహినూరు మీదికి, అక్కడి నుంచి లండన్ మీదికి పోతుంది. పోయిన వజ్రం కోసం పడే బాధ న్యాయమైనదే. కానీ ఆ బాధ వెనక ఒక పాత సంగతి మరుగున పడిపోయింది. ఇంగ్లిషువాళ్లు వజ్రాల బేరంలోకి దిగడానికి రెండు మూడు వందల ఏళ్ల ముందే ఇటలీ నగరాలు మన దేశపు వజ్రానికి అలవాటు పడ్డాయి. వజ్రాన్ని సానబట్టడం, పెళ్లి ఉంగరంలో పొదగడం, రాజవంశానికి గుర్తుగా పెట్టుకోవడం ఐరోపాకు అలవాటు చేసింది చాలావరకు వెనిస్, ఫ్లోరెన్స్, ఫెరారాలే. బదులుగా అక్కడి సముద్రంలో పుట్టిన ఎర్ర పగడం ఇక్కడికి వచ్చి మన ఆడవాళ్ల మెడలో ఉండిపోయింది. ఇటలీ ఐరోపాకు ఏమిచ్చిందంటే చిత్రకళ, సంగీతం, బ్యాంకులు అంటారు. ఈ రాళ్ల పద్దు ఎవరికీ గుర్తు రాదు. అందులో సగం కృష్ణ ఒడ్డునే ఉంది. మాచర్ల ఎగువ నుంచి సముద్రం దాకా నది వెంట దిగితే ఆ సగం కనబడుతుంది.

పల్నాటి గడపలో కృష్ణ ఇప్పుడు నాగార్జునసాగర్ జలాశయం. ఇక్ష్వాకుల విజయపురి దాని అడుగున ఉంది. నీళ్లు నిండకముందు అక్కడ జరిపిన తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. దక్షిణాన వినుకొండలో దొరికిన నిధిలోనూ రోమన్ చక్రవర్తుల బంగారమే ఉంది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వాపోయిన సంగతి చరిత్ర పాఠాల్లో చదివిందే. ప్లినీయే మరోచోట రాసిన విషయం నా దృష్టిలో ఇంకా విలువైనది. రోమన్ స్త్రీలకు భారతదేశపు ముత్యాల మీద ఎంత మోజో భారతీయులకు పగడాల మీద అంత మోజనీ, ఎగుమతి పెరిగి పగడం పుట్టినచోటే అరుదైపోయిందనీ ఆయన రాశాడు. అదే కాలపు గ్రీకు నావికుడి గ్రంథం ‘పెరిప్లస్’ కూడా మన పడమటి రేవుల్లో దిగే సరుకుల్లో పగడాన్ని లెక్కగట్టింది. అంటే రోమ్ మనకు బంగారం మాత్రమే చెల్లించలేదు. బంగారం కరిగి రూపం మార్చుకుంది. పగడం మాత్రం ఆచారంలో కలిసి నిలిచింది.

సాగర్ దిగువన సత్రశాల, తంగెడ దాటి, దాచేపల్లి సీమకు ఎదురుగా వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. మూసీ అంటే గోల్కొండ చెంత పారే నది. ప్రపంచం ‘గోల్కొండ వజ్రం’ అని పిలిచినవాటికి గోల్కొండ బేరం జరిగిన చోటు మాత్రమే. ఆ వజ్రాల్లో పేరుమోసినవి ఎన్నో పుట్టిన నేల సంగమానికి దిగువన, బెల్లంకొండ సీమలో ఉంది. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోటల్లో బెల్లంకొండ ఒకటి. తర్వాత అది కుతుబ్‌షాహీల చేతికి పోయింది. కోటకు ఉత్తరాన నది ఒడ్డున కొల్లూరు ఉండేది. 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ఇప్పుడు దాన్ని కప్పేసింది. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దంలో అక్కడ 60 వేలమంది దాకా పనిచేయడం గురించి రాశాడు. మగవాళ్లు నీరు ఊరేదాకా, పది పన్నెండు అడుగుల లోతు, తవ్వేవారు. ఆడవాళ్లూ పిల్లలూ ఆ మట్టిని చుట్టూ పొట్టి గోడ కట్టిన కళ్లంలోకి మోసేవారు. అందులో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు నానబెట్టి, బురదనీటిని గోడ కంతల్లోంచి వదిలేసి, మిగిలిన ఇసుకను ఎండబెట్టేవారు. ఎండాక చేటల్లో పోసి ధాన్యంలాగే తూర్పారబట్టేవారు. గడ్డలుంటే కర్ర రోకళ్లతో దంచి, మళ్లీ చెరిగి, చివరికి చేతులతో వెతికేవారు. పల్నాటి రైతు కళ్లంలో చేసే పనే ఇది. గని సంగతి మొదట బయటపడింది కూడా చిరుధాన్యం విత్తడానికి నేల తవ్వుతున్న ఒక పేదవాడి చేతికి రాయి దొరికినప్పుడేనని తవెర్నియే విన్నాడు. ఐరోపా రాజుల వేళ్ల మీద మెరిసిన రాయి వెనక ఉన్నది వ్యవసాయదారుల ఒడుపు.

ఆ రాయికి గౌరవం తెచ్చింది ఎవరు? ఐరోపాలో వజ్రపు పెళ్లి ఉంగరం కథను సాధారణంగా 1477లో ఆస్ట్రియా రాకుమారుడు మాక్సిమిలియన్ బర్గండీ మేరీకి తొడిగిన ఉంగరంతో మొదలుపెడతారు. అంతకు రెండేళ్ల ముందే, 1475లో, ఇటలీలోని పెసారోలో కొస్తాన్జో స్ఫోర్జాకూ కమిల్లా ద’అరగోనాకూ పెళ్లి జరిగింది. ఆ వేడుకను బొమ్మలతో నమోదు చేసిన రాతప్రతి వాటికన్‌లో ఉంది. అందులో పెళ్లి దేవుడి అంగీ నిండా ఒకే గుర్తు: రెండు దివిటీలను కలిపి పట్టిన వజ్రపుటుంగరం. ఫ్లోరెన్స్ మెదిచీలు వజ్రపుటుంగరాన్ని తమ వంశచిహ్నాల్లో చేర్చుకున్నారు. ఫెరారాలో ఎస్తే వంశంవారు ఇంకా ముందుకు పోయి, 1493లో మొదలుపెట్టిన భవనానికి దాదాపు 8,500 పాలరాళ్లను మొనదేరిన వజ్రాల ఆకారంలో చెక్కించి గోడలకు తాపారు. దాన్ని నేటికీ ‘వజ్రాల భవనం’ అనే పిలుస్తారు. సానబట్టే పని ఐరోపాలో మొదట నెలకొన్న ఊళ్లలో వెనిస్ ముఖ్యమైనది. ఆ తర్వాతే బ్రూగ్స్, ఆంట్వెర్ప్‌లు పెద్దవయ్యాయి.

ఇక్కడ గట్టి అభ్యంతరమే ఉంది. తవెర్నియే లెక్క ప్రకారం కొల్లూరు గని 16వ శతాబ్దంలో బయటపడింది. మరి 1475 నాటి పెళ్లికీ 1493 నాటి భవనానికీ కొల్లూరుతో ఏం సంబంధం? నేరుగా ఏమీ లేదు. అయితే బ్రెజిల్‌లో 1720లలో గనులు బయటపడేదాకా, బోర్నియో నుంచి వచ్చే కొద్ది రాళ్లు మినహా, ఐరోపా చూసిన వజ్రమంతా భారతదేశానిదే. అందులో కర్నూలు సీమ, రాయచూరు సీమ, కృష్ణా పరీవాహకం పెద్ద వాటాదారులు. నా వాదన ఒక గని గురించి కాదు, ఒక నది చుట్టూ అల్లుకున్న సీమ గురించి. అలవాటు పాత గనుల రాళ్లతో పడింది. అలవాటు పడిన గిరాకీకి కొల్లూరు దొరికింది. ఇటలీలో ఆ మోజు ముందే పాతుకోకపోతే, 17వ శతాబ్దంలో అంత జనం ఆ ఒడ్డున మట్టి చెరిగే అవసరం వచ్చేదా అన్నది అడగదగిన ప్రశ్న.

ఇటలీవాళ్లు కృష్ణ ఒడ్డుకు ఎప్పుడొచ్చారు, మధ్యలో అరబ్బులూ గుజరాతీలూ పోర్చుగీసులూ ఉన్నారు కదా అనే అభ్యంతరం రెండోది. కొందరు దక్కన్ దాకా వచ్చారు: 15వ శతాబ్దంలో నికోలో కోంతి, 1567లో చెజారె ఫెదెరిచి, ఇద్దరూ విజయనగరం చూసిన వెనిస్ మనుషులే. కానీ మనుషుల కంటే సరుకే గట్టి సాక్ష్యం. 1590లలో మెదిచీ పాలకుడు ఫెర్దినాందో, లివోర్నో రేవులో స్థిరపడమని యూదులతో సహా అన్ని దేశాల వర్తకులనూ పిలిచి రక్షణ పత్రాలిచ్చాడు. అక్కడి యూదు వర్తకులు మధ్యధరా పగడాన్ని పూసలుగా తీర్పించి గోవాకు పంపి, బదులు వజ్రాలు తెప్పించుకున్నారు. లివోర్నో పగడం లండన్ మీదుగా మద్రాసుకు చేరి అక్కడా వజ్రాలకు మారకమైంది. మతం, భాష, దేశం ఏదీ కలవని వాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఉత్తరాల మీద నమ్మకంతో నడిపిన వ్యాపారం ఇది. ఇటలీ చరిత్రలో చక్రవర్తుల కంటే ఇదే నాకు ఎక్కువ ఆశ్చర్యంగా ఉంటుంది.

పులిచింతల దాటాక కృష్ణ అమరావతి, విజయవాడల మీదుగా డెల్టాలోకి దిగుతుంది. ప్రాచీన భూగోళవేత్త టోలెమీ పేర్కొన్న కంటకోస్సిల, అంటే ఘంటసాల, ఆ దారిలోదే. మచిలీపట్నం ఒకప్పుడు గోల్కొండకు సముద్రద్వారం. ఈ డెల్టా ఊళ్లలోనూ పల్నాట్లోనూ తాళి పక్కన నల్లపూసలతో పాటు పగడాలు గుచ్చుకునే ఇళ్లు ఎన్నో. కుజదోషానికి ఉంగరం చేయించుకునేవాళ్లకు బంగారం కొట్లలో ఇప్పటికీ ‘ఇటాలియన్ పగడం’ అనే చూపిస్తారు. నేపుల్స్ దగ్గరి టొర్రే దెల్ గ్రెకోలో పగడం చెక్కే వృత్తి ఈనాటికీ నడుస్తోంది. అయితే దీన్ని సరిసమానమైన మారకం అనడానికి నాకు మనసొప్పదు. దక్కన్ గనుల్లో కూలి ఎంత తక్కువంటే, రాయి మింగి దాచే కూలీలను కనిపెట్టడానికి కాపలా పెట్టేవారని తవెర్నియే స్వయంగా రాశాడు. చెరిగిన చేతులకు దక్కింది ఆ కూలే. లాభం వర్తకుడికీ సుల్తానుకూ పోయింది. కొల్లగొట్టారన్న మాట అబద్ధం కాదు. కొల్లగొట్టడమే జరిగిందన్న మాట మాత్రం చాలదు, ఎందుకంటే రాసిపెట్టిన సుంకాలూ భద్రత హామీలూ ఉన్న బజారు కూడా ఇక్కడ నడిచింది.

దానికి రుజువు నది కలిసే తీరం వెంట దక్షిణానికి పోతే మోటుపల్లిలో ఉంది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయశాసనం, ఓడ బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడని సముద్రవర్తకులకు మాటిచ్చి, వేటి మీద ఎంత సుంకమో చెప్పింది. ఆ సరుకుల్లో ముత్యాలు, కర్పూరం, దంతంతో పాటు పగడాలున్నాయి. ఆ తర్వాత యాభై ఏళ్లకు అటూ ఇటుగా వెనిస్ వాడు మార్కో పోలో ఈ రేవు పేరుతోనే మన రాజ్యాన్ని వర్ణించాడు. రాణి పాలన, సాలెగూడంత సన్నని బట్ట, వానలు వెలిశాక కొండవాగుల్లో వెతికే వజ్రాలు, అన్నీ రాశాడు. మేలైన రాళ్లు రాజులకూ మంగోలు ఖాన్‌కూ పోతాయనీ, ఐరోపాకు చేరేది ఏరివేతేననీ కూడా ఆయనే రాశాడు.