మూడో చక్రం

ఆంగ్లంలో 'థర్డ్ వీల్' అని ఒక జాతీయం ఉంది. ఒక జంట పక్కనో, జంటల గుంపులోనో జోడీ లేకుండా మిగిలిపోయిన మనిషిని అలా అంటారు. అంతకంటే పాతది 'ఫిఫ్త్ వీల్'. నాలుగు చక్రాల బండికి ఐదోది దేనికని దాని భావం. జర్మన్లకూ, ఫ్రెంచివారికీ కూడా ఈ ఐదో చక్రం ఉంది. ఐదు కాస్తా మూడయ్యేసరికి ఆ మాట మన ఎద్దుబండికి సరిగ్గా అతికింది. ఆటోవాళ్ళు మాత్రం దీన్ని ససేమిరా ఒప్పుకోరు.

బ్రిటన్‌లో ఇలాంటివారిని 'గూస్‌బెర్రీ' అంటారు. ప్రేమికులకు కాపలాగా వెంట వెళ్ళిన పెద్దావిడ చూసీచూడనట్టు పొదల్లో ఆ కాయలు కోసుకుంటూ పొద్దుపుచ్చేదనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ ఒక కథ. గూస్‌బెర్రీ అనగానే మనం ఉసిరికాయ అనేస్తాం గాని, ఆ రెండింటికీ చుట్టరికం లేదు.

మనకున్నది పానకంలో పుడక. హిందీవారికి కబాబులో ఎముక. ఈ రెండూ నాలుక పలికిన మాటలని గమనించారా? తీపి తాగుతున్నవాడికి, మాంసం తింటున్నవాడికి అడ్డు తగిలిన వస్తువు మీద విసుగు అది. పుడక వైపునుంచి ఆలోచించిన పాపాన ఎవరూ పోలేదు. ఆ బెల్లం అయిన చెరకులోనిదే ఆ పీచు కూడాను. ఫ్రెంచివారు మరొకటంటారు, 'కొవ్వొత్తి పట్టుకోవడం' అని. ఇటలీలోనూ ఇదే మాట. నాకు నచ్చినది ఇది. ఇందులో మూడోమనిషికి ఒక చెయ్యి ఉంది, ఆ చేతికొక పని ఉంది, కరిగి పడే మైనపు చుక్క కాల్చేది కూడా ఆ చేతినే.

మన కావ్యాల్లో చెలికత్తెలకు ఈ విద్య బాగా తెలుసు. శాకుంతలం మూడో అంకంలో దుష్యంతుడూ శకుంతలా ఎదురుపడగానే ప్రియంవద, లేడిపిల్ల తల్లిని వెదుక్కుంటోందని నెపం పెట్టి, అనసూయను వెంటబెట్టుకుని జారుకుంటుంది. ఎంత నాగరికమైన నిష్క్రమణ! అందరికీ లేళ్ళు దొరకవు.

నాకైతే దొరకలేదు. 2004లో, చిన్ననాటి స్నేహితుడి పెళ్ళైన నెలకు, వాడూ వదినా నేనూ విశాఖ నుంచి కిరండూల్ పాసింజరులో అరకు వెళ్ళాము. రానంటే వాడు వినలేదు. వయసులో వాడు నాకంటే ఆరునెలలు పెద్ద, కనుక ఆవిడ నాకు వదిన. ఆ దారినిండా సొరంగాలే. సొరంగం వచ్చినప్పుడల్లా నేను కిటికీలోంచి బయటికి శ్రద్ధగా చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ చీకట్లో చూడడానికేముంది! నాలుగో సొరంగానికి వదిన పకపకా నవ్వి, "అక్కడేం కనిపిస్తోంది మరిదిగారూ, మాకూ చెప్పండి" అన్నది. ఆ తరువాత మా ముగ్గురి మధ్యా బెరుకు లేదు.

నేను పెళ్ళి చేసుకోలేదు. దానికి కథేమీ లేదు, కుదరలేదంతే. పదిహేనేళ్ళు వాళ్ళింట ఆదివారపు భోజనం నాకు హక్కుభుక్తమైంది. శుభలేఖల మీద నా పేరు పక్కన 'దంపతులకు' అని రాసి కొట్టేసేవారు కొందరుండేవారు. వీళ్ళు నన్ను అలా లెక్కపెట్టలేదు. కారులో వెనకసీటు నాది, పిల్లవాడితో పాటు. కెమెరా కూడా నాదే. ఎక్కడికెళ్ళినా జంటను నిలబెట్టి ఫొటో తీసేది మూడోమనిషే కదా! అందువల్ల ఆ ఆల్బముల్లో నేను దాదాపుగా లేను. ఒకచోట, బొర్రా గుహల ముందు, వాళ్ళ కాళ్ళదాకా సాగిన నా నీడ మాత్రం పడింది.

2019లో వాడు పోయాడు. గుండెపోటు.

ఇద్దరికి ముగ్గురైతే ఏమనాలో అన్ని భాషలకూ తెలుసు. ముగ్గురిలోంచి ఒకరు పోతే మిగిలిన ఇద్దరినీ ఏమనాలో ఏ భాషకూ పట్టినట్టు లేదు. వాడి ఖాతా మార్పించడానికి వదినతో కలిసి బ్యాంకుకు వెళ్ళాను. "మీరు ఈవిడకేమవుతారు?" అని అడిగారు. "వారి భర్తకు స్నేహితుణ్ణి" అన్నాను. అడిగినాయన కాగితం మీదినుంచి తలెత్తి ఇద్దరినీ ఒకసారి చూశాడు. పదిహేనేళ్ళలో ఎవరూ మమ్మల్ని అలా చూడలేదు.

అప్పుడు అరణ్యకాండ గుర్తుకొచ్చింది. అడవిలో ముందు రాముడు, నడుమ సీత, వెనుక విల్లు పట్టుకుని లక్ష్మణుడు. పంచవటిలో పర్ణశాల కట్టింది అతడే. ముగ్గురూ ఉన్నంతకాలం ఆ నడకను ఎవరూ వేలెత్తి చూపలేదు. రాముడు లేడి వెంట వెళ్ళిన ఆ కాసేపట్లోనే సీత నోట ఎంత మాట వచ్చింది! నాకోసమే వెంటవచ్చావా అనేసింది. భయంతో అన్నదనుకోండి. మా వదిన అలాంటి మాట కలలోనైనా అనదు. ఆ మాట అనే పని లోకం పుచ్చుకుంది. లేడి వెంట వెళ్ళినవాడు తిరిగి రాడని కూడా లోకానికి తెలుసు.

గుర్రపుబండ్లలో నిజంగానే ఐదో చక్రం ఒకటుండేదట. ముందు ఇరుసుకూ బండికీ నడుమ పడుకోబెట్టినట్టుండే ఇనుప వలయం. అది లేకపోతే ముందు చక్రాలు మలుపు తిరగడం కష్టం. నేడు పెద్ద ట్రైలరు లారీల్లో బండిని ఇంజనుకు తగిలించే పళ్ళేన్ని కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. రహదారి మీద తగిలించిన బండి లేకుండా ఒంటరిగా పోతున్న లారీ ముందుభాగం కనిపిస్తే దాని వెనుక చూడండి, గ్రీజు పూసిన ఆ పళ్ళెం ఆకాశంకేసి తెరుచుకుని ఉంటుంది.

ఆదివారాలు ఇప్పటికీ వెళుతున్నాను. కాకపోతే వాళ్ళబ్బాయి హాస్టలు నుంచి ఇంటికి వచ్చిన ఆదివారాలే. ఈ నియమం ఎవరూ పెట్టలేదు. ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. వాడు వస్తున్నాడంటే శనివారం రాత్రే వదిన ఫోను చేస్తుంది.