ఏ కొత్తపల్లి బేటా?

మోటార్ సైకిల్‌కి జీపీఎస్ ఏది కొంటే మంచిదని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నెలన్నర పాటు నేను ఆ పని మీదే పడి ఉన్నానని వాళ్ళకు తెలుసు. ఎందుకు పడి ఉన్నానో తెలియదు. ముందు అది చెప్పాలి.

రెండేళ్ల కింద మే నెలలో ఒకరోజు ఫజర్ నమాజ్ చదివి కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఖాలా ఇంతెఖాల్ అయిపోయిందని ఆమె కొడుకు ఏడుస్తూ చెప్పాడు. జొహర్ తర్వాత జనాజా అన్నాడు. ఖాలా అంటే అమ్మీకి చెల్లెలు. నేను కర్నూలులో ఉర్దూ మీడియం చదివిన రోజుల్లో మా స్కూలు వెనక సందులోనే ఆమె ఇల్లు. మధ్యాహ్నం గంట కొట్టగానే నేను పరిగెత్తేది మా ఇంటికి కాదు, ఆమె ఇంటికి. ఖట్టా, ఖిచిడీ. పాపడ్ ఉంటే నాకొకటి ఎక్కువ. ఖాలూ రిటైరైన తర్వాత వాళ్ళిద్దరూ మార్కాపురం అవతల కొత్తపల్లిలోని సొంతింటికి వెళ్ళిపోయారు.

ఆ ఊరికి నేను అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ బస్సులో మార్కాపురం దాకా పోతే అక్కడి నుంచి వాళ్ళ పిల్లలు ఆటోలో తీసుకెళ్ళారు. ఆటోలో కూర్చున్నవాడికి దారి ఎందుకు గుర్తుంటుంది? అమ్మీ, భాయ్‌జాన్ నంద్యాల నుంచి కారులో అప్పటికే బయల్దేరారు. నేను ఆఫీసుకు ఫోన్ చేసి, ఎనిమిదింటికి బండి తీశాను. ఫోన్‌లో ఊరి పేరు కొట్టాను. వరసగా ఐదారు కొత్తపల్లులు వచ్చాయి. ఒక దాని కింద మార్కాపురం అని కనబడింది. వేలితో నొక్కాను. ఆ నొక్కడానికి రెండు సెకన్లు కూడా పట్టి ఉండదు.

నందికొట్కూరు, ఆత్మకూరు, తర్వాత నల్లమల. అడవిలో ఫోన్ సిగ్నల్ పోయినా బాణం గుర్తు కదులుతూనే ఉంది. దోర్నాల దిగాక అసలు ఎండ మొదలైంది. హ్యాండిల్ మీద బిగించిన ఫోన్ ఒక పక్క చార్జింగ్ అవుతోంది, ఇంకో పక్క వెలుగు ఫుల్లుగా పెట్టి ఉంది, పైన మే నెల సూర్యుడు. వేడెక్కిందని ఒక హెచ్చరిక చూపించి తెర నల్లబడిపోయింది. వేపచెట్టు కింద బండి ఆపి, దస్తీతో విసురుతూ కూర్చున్నాను. అది మళ్ళీ లేచేదాకా పావుగంట. దారిన ఇద్దరు పోయారు. అడగలేదు. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని ప్రశ్నలడిగి బతుకుతున్నవాణ్ణి, చేతిలో మ్యాప్ ఉంది కదా అని ఊరుకున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది, అబద్ధమెందుకు? ఈ రోజుల్లో తెలియని ఊర్లో, గడ్డంతో, టోపీతో బండి ఆపి ఎవరినైనా పలకరించాలంటే ఒక క్షణం ఆలోచిస్తున్నాను. పదేళ్ల కింద ఆ ఆలోచన లేదు.

మ్యాప్ చెప్పిన కొత్తపల్లికి చేరేసరికి ఒంటిగంట దాటింది. ఊర్లో మసీదు మినార్ కనబడలేదు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "సాయిబుల ఇండ్లు ఈ ఊర్లో లేవే నాయనా. నువ్వు ఏ కొత్తపల్లికి పోవాల?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మయ్యత్‌కి పోతున్నానని చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా తన టీవీఎస్ బండి తీసి, చెరువు కట్ట దాకా నా ముందు నడిపి, అక్కడి నుంచి చెయ్యి చూపించాడు. పేరు కూడా అడగలేదు నేను.

మనలో మయ్యత్‌ని ఎక్కువసేపు ఉంచరు కదా. అందులోనూ ఆ ఎండ. నేను పోయేసరికి దఫన్ అయిపోయింది. ఖబ్రస్తాన్‌లో తమ్ముడొక్కడే నాకోసం నిలబడి ఉన్నాడు. ఖబర్ మీద మట్టి ఇంకా తడిగా ఉంది. కాంధా ఇవ్వలేదు, మూడు పిడికిళ్ల మట్టి వెయ్యలేదు. ఇంటికి పోతే అమ్మీ కోప్పడలేదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "కౌన్సే కొత్తపల్లికు గయా థా బేటా?" అంది. ఏ కొత్తపల్లికి పోయావు బేటా అని. అంతే.

కర్నూలుకు తిరిగొచ్చాక నా కోపమంతా ఫోన్ మీద పడింది. ఇంక ఫోన్ వద్దు, బండికి అసలైన జీపీఎస్ కొంటాను అని ఇంట్లో ప్రకటించాను. కోపంలో కొనే వస్తువు గురించి మనిషి ఎంత చదువుతాడో నాకు అప్పుడే తెలిసింది.

మొదట తెలుసుకున్నది ఏమిటంటే, మనం జీపీఎస్ అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి మూడు వేరు వేరు సంగతులు. ఒకటి, మనం ఎక్కడున్నామో చెప్పే రిసీవర్. రెండు, మ్యాప్. దాన్ని మా స్కూల్లో నక్షా అనేవాళ్ళు. మూడు, ఇంటర్నెట్. "అడవిలో సిగ్నల్ లేదు, జీపీఎస్ పనిచెయ్యదు" అనే మాట తప్పు. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, ఇప్పుడు టైమెంత, తామెక్కడున్నాయి అని చెబుతూ పోతుంటాయి. కనీసం నాలుగింటి మాట వినబడితే రిసీవర్ లెక్కగట్టి మన చోటు చెప్పేస్తుంది. అజాన్ ఇచ్చే మోజ్జన్‌కి ఎవరెవరు వింటున్నారో తెలియనట్టే, ఆ ఉపగ్రహాలకూ మనమెవరమో తెలియదు. వినడానికి డబ్బు లేదు, సిమ్ అక్కర్లేదు. ఇంటర్నెట్ కావలసింది నక్షా కోసం. ఆ నక్షాను ముందే ఫోన్లో దింపి పెట్టుకుంటే దాని అవసరమూ తీరిపోతుంది. నల్లమలలో బాణం కదులుతూ ఉండడానికి కారణం అదే.

ఆ సెట్టింగుల్లో తిరుగుతుంటే లాటిట్యూడ్, లాంగిట్యూడ్ కనబడి నవ్వొచ్చింది. ఏడో క్లాసులో మౌల్వీసాబ్ మాచేత అర్జ్-ఎ-బలద్, తూల్-ఎ-బలద్ అని బట్టీ పట్టించారు. డిగ్రీకొచ్చాక తెలుగులో అక్షాంశం, రేఖాంశం అయ్యాయి. మూడు భాషల్లో పేర్లు తెలిసినవాణ్ణి ఒక ఊరు కనుక్కోలేకపోయాను.

బండికి ప్రత్యేకంగా చేసిన యూనిట్ హైదరాబాద్‌లో మా భాంజా దగ్గర ఉంది. గార్మిన్ జూమో ఎక్స్‌టి. లడాఖ్ పోయొచ్చిన కుర్రాడు, అమెరికాలో ఉన్న వాళ్ళ చాచాతో తెప్పించుకున్నాడు. ఒక వారం వాడుకోమని ఇచ్చాడు. మంచి వస్తువు, కాదనను. ఐదున్నర అంగుళాల తెర నడి మధ్యాహ్నం ఎండలో కూడా చదవొచ్చు. గ్లోవ్స్‌తో నొక్కినా పలుకుతుంది. ఐపీఎక్స్7 అని రాసి ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తట్టుకోవాలి, మన వాన దానికి లెక్క కాదు. బండి బ్యాటరీ నుంచే కరెంటు తీసుకుంటుంది. ఎండలో ఒక్కసారి కూడా ఆరిపోలేదు. అయితే అమెరికాలో కొన్నది కదా, పెట్టెలోంచి తీసినప్పుడు అందులో వాళ్ళ ఖండమే ఉంది, మన దేశం లేదట! ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత నక్షాను భాంజా తర్వాత ఎక్కించుకున్నాడు. బయట నుంచి తెప్పించుకునేవాళ్ళు ముందు అడగవలసింది అదే. తెర ఎంత, ధర ఎంత అన్నది తర్వాత.

ధర 2020లో వచ్చినప్పుడు అమెరికాలో 500 డాలర్లు. మన లెక్కలో దాదాపు నలభై వేలు. ఇంట్లో ఆ అంకె చెప్పాను. బేగం చపాతీ తిప్పుతూనే, "అందులో కొత్తపల్లి ఉందా?" అంది.

వెతికాను. ఉంది. ఒకటి కాదు. ఇంగ్లీషులో కె-ఓ-టి-హెచ్ అని కొడితే కొన్ని, కె-ఓ-టి-టి అని కొడితే కొన్ని, చివర ఎల్ఎల్ఇ, ఎల్ఎల్ఐ, ఎల్ఎల్‌వై. మన కొత్తపల్లి అందులో ఏదో నలభై వేల యంత్రానికీ తెలియదు. ఆ రోజు ఇది నా హ్యాండిల్ మీద ఉండుంటే, ఎండకు ఆరిపోకుండా, మసకబారకుండా, అదే తప్పు ఊరికి నన్ను పావుగంట ముందే చేర్చేది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ వేడెక్కడం ఒక తప్పు. వేలితో నొక్కింది నా తప్పు. మొదటిదానికి డబ్బు ఖర్చుపెట్టి రెండోదాన్ని దాచిపెడుతున్నానని అర్థమైంది. తమ్ముణ్ణి ఊరి పేరు కాదు, లొకేషన్ పంపరా అని అడిగి ఉంటే చాలు. లొకేషన్ అంటే రెండు అంకెలే, అదే అర్జ్, తూల్. దశాంశం తర్వాత నాలుగో స్థానం దాకా ఉంటే దాదాపు పది మీటర్ల తేడాతో గడప ముందు నిలబెడుతుంది. ఏడుస్తున్నవాణ్ణి అడగలేకపోయాను. పక్కనున్న వేరేవాళ్ళను అడగొచ్చు కదా. ఇప్పుడు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో షాదీ అయినా మయ్యత్ అయినా మొదట లొకేషన్ పెట్టాలని చెప్పేశాను. పెడుతున్నారు కూడా.

మిగతావి కూడా చూశాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ 2020లో మెటియోర్‌తో తెచ్చిన ట్రిప్పర్ అనే చిన్న గుండ్రటి తెర ఉంది, అది బండితో వచ్చేది. బీలైన్ అని ఇంకొకటి ఉంది, అదీ చిన్నదే, బాణం చూపిస్తుంది. ఈ రెండింటికీ బుర్ర జేబులోని ఫోనే. అయితే ఫోన్ ఎండలో ఉండదు, అదొక ఫాయిదా. రోజూ దూరాలు తిరిగేవాళ్ళకు, వానలో అడవిలో పోయేవాళ్ళకు జూమోలాంటిదే సరైనదని నేనంటాను. నెలకు రెండుసార్లు మండలాలకు పోయే నాలాంటివాడికి అది షౌఖ్.

మంచి ఫోన్‌ని మాత్రం హ్యాండిల్‌కి బిగించకండి. మోటార్ సైకిల్ ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరాలు పాడయ్యే అవకాశం ఉందని 2021 సెప్టెంబర్‌లో యాపిల్ కంపెనీయే చెప్పింది. కెమెరాలో బొమ్మ కదలకుండా ఆపే సన్నటి ఏర్పాటు ఉంటుంది, దెబ్బ దానికి తగులుతుంది. అదురు తగ్గించే డాంపర్లు దొరుకుతాయి, తగ్గుతుంది కానీ పోదు. వేడి సంగతి చూస్తే, ఐఫోన్ వాడొచ్చని యాపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీలు. కర్నూలులో మార్చిలోనే ఆ హద్దు దాటిపోతాం.

చివరికి నేను వాడుతున్నది బేగం పాత ఫోన్. మూలన పడి ఉండేది, కెమెరా ఎప్పుడో పోయింది, ఇంక పోవడానికి ఏమీ లేదు. సిమ్ తీసేశాను. ఇంట్లో వైఫై మీద ఆర్గానిక్ మ్యాప్స్ ఎక్కించి, మన రాష్ట్రం నక్షా మొత్తం దింపాను. సిమ్ లేదు కాబట్టి ఉపగ్రహాలను పట్టుకోవడానికి మొదట్లో కొంచెం టైం తీసుకుంటుంది. బయల్దేరే ముందు ఆరుబయట రెండు మూడు నిమిషాలు పెట్టి, ఆలోపు టైర్లు చూసుకుంటాను. పైన చిన్న అట్ట గొడుగులాగా కట్టాను, పిల్లలు నవ్వుతారు. నడి ఎండలో చార్జింగ్ పెట్టను. ఎండ మరీ ఎక్కువైతే ఫోన్ తీసి బ్యాగులో వేసి, హెల్మెట్‌లో ఒక చెవికి చిన్న స్పీకర్ పెట్టుకుని మాట వింటూ పోతాను. చార్జర్ వైరు బండి తాళం లైన్ నుంచి తీయించాను, మధ్యలో ఫ్యూజు పెట్టించాను. నేరుగా బ్యాటరీకి ఇస్తే బండి ఆపినా కొంచెం కొంచెం పీలుస్తూనే ఉంటుంది, కొన్నాళ్ళకు బండి స్టార్ట్ కాకపోవచ్చు. మొత్తం ఖర్చు రెండు వేలు దాటలేదు.

ఖాలా చెహల్లుంకి దాని మీదే వెళ్ళాను. అసర్‌కి చాలా ముందే చేరాను. ఆ నక్షాలో ఊరు చుక్కగా ఉంది కానీ అందులో ఏమీ లేదు. మసీదు లేదు, ఖబ్రస్తాన్ లేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా చేర్చొచ్చు, 2004 నుంచీ అట్లా జనం చేర్చిందే అది. మసీదు, చెరువు కట్ట, ఖబ్రస్తాన్ అక్కడ కూర్చునే పెట్టాను. ఆ టీ కొట్టు కూడా పెట్టాలని తిరుగుదారిలో ఆ ఊరికి వెళ్ళాను. పెద్దాయన లేడు, కూతురింటికి పోయాడన్నారు.

నంద్యాల పోయినప్పుడు అమ్మీకి ఫోన్‌లో చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏది ఏ దిక్కో అడిగింది. మష్రిఖ్ ఇటు, మగ్రిబ్ ఇటు అని చెప్పాను.

"ఖబర్ పక్కన వేపచెట్టు ఉంది కదా, అది ఏదీ?" అంది.

చెట్టు కూడా పెట్టొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. పెట్టాను.