సాగరము త్రోవలో చీనావంట

కోదాడలో చుట్టములయింట పెండ్లి చూచుకొని, అటునుండి సూర్యాపేట, మిర్యాలగూడెముల మీదుగా నాగార్జున సాగరమునకు పోవలెనని మేము నలుగురము ఆడవారము బయలుదేరితిమి. మేమును, మా అత్తగారును, మా చెల్లెలును, దాని కూతురును. అత్తగారికి ఎనుబదియేండ్లు. పుట్టినదియు మెట్టినదియు మిర్యాలగూడెము చెంత పల్లెలే. పెండ్లిపంక్తిలో పులిహోర ప్రక్కన ఎఱ్ఱగా మెఱయు గోబీ మంచూరియా వడ్డింపరాగా, ఆమె విస్తరికి చేయి అడ్డుపెట్టి, "చీనోళ్ల కూరంట, నాకొద్దు బిడ్డా" అనిరి. పిల్ల నవ్వినది. ఆ నవ్వు అత్తగారికి కొంచెము కష్టము కలిగించినదని మాకు తోచినది.

సూర్యాపేట హైదరాబాదు–విజయవాడ రాజమార్గమున నడిమి మజిలీ. బస్సులును కార్లును ఇచ్చట ఆగకపోవుట అరుదు. అందుచేత బాటకు ఇరువైపుల హోటళ్లు బారులు తీరియున్నవి. కొన్ని ఒకే పేరు పలక గట్టి ఊరూరను శాఖలు తెఱచినవి. మేము దిగిన హోటలులో వంటకముల పట్టిక చదువుటకే ఒక గడియ పట్టినది. ఇడ్లీ క్రింద నూడుల్సు, దాని క్రింద తందూరీ రొట్టె, పిమ్మట పిజ్జా దోసె, ఆపైన ఉలవచారు బిర్యానీ. ఎడ్లకు ఉలవలుడికించి పెట్టగా మిగిలిన కట్టుతో కాపుల యిండ్లలో కాచుకొను చారు, నవాబుల పళ్లెరములోని బిర్యానీ మీదికెక్కినది! రుచి మాత్రము బాగుగనే యున్నదని ఒప్పుకొనవలెను.

ఆ పట్టిక కడపట జొన్నరొట్టె యుండెను. ఒక్కొక్కటి నలువది రూపాయలు. అత్తగారు మరల మరల అడిగి తెలిసికొని, "నేను రోజుకు ముప్పై కొట్టేదాన్ని" అని ఊరకుండిరి.

ఇంతకును మంచూరియా చీనావంటయే యగునా? కాదు. కలకత్తాలో పుట్టిన చీనా వంశీయుడు నెల్సన్ వాంగ్ అనునాతడు 1975లో బొంబాయిలో దీనిని మొదట వండెనని చెప్పుదురు. మన యిండ్లలో నిత్యము తాలింపునకు వేయు అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపకాయలనే వేయించి, గరము మసాలాకు బదులు సోయా రసము పోసి, మొక్కజొన్నపిండితో చిక్కపఱచెనట. చీనాలోని మంచూరియా వారు దీని నెఱుగరు. మఱి పచ్చిమిరప మాత్రము మనదా? పోర్చుగీసువారు అమెరికానుండి తెచ్చినది. అంతకుముందు మన కారము మిరియముదే. "మిరప" యను మాటలోనే మిరియము దాగియున్నది. కోసుపువ్వును ఇంగ్లీషువారి కాలముననే వచ్చినది.

కాని ఆ యెఱుపు సంగతి వేఱు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము గోబీ మంచూరియాలోను పీచుమిఠాయిలోను కృత్రిమపు రంగులు కలుపరాదని నిషేధించినది. పిల్లలకు పెట్టు తల్లులు ఈ సంగతి తెలిసియుండుట మంచిది. రంగు లేకున్నను రుచి పోదు.

సూర్యాపేట విడిచి దక్షిణముగా మిర్యాలగూడెము త్రోవ పట్టితిమి. ఊరు సమీపించుకొలది బియ్యపు మిల్లుల పొడవాటి గొట్టములును, ధాన్యపు లారీల వరుసలును కానవచ్చినవి. ఇరువైపుల పచ్చని వరి. అత్తగారు కిటికీనుండి చూచుచు, ఎవరును అడుగకయే చెప్పసాగిరి:

"ఇదంతా జొన్నచేను, ఆముదపు చేను. వరన్నమంటే పండుగనాడే. కాల్వొచ్చి మొదటి పంట ఇంటికొచ్చిననాడు మా అత్త కుండెడు వండింది. నాలుగు దినాలు తిన్నం, కడుపు నిండినట్టే లేకపోయె. జొన్నరొట్టె కోసం ఒకరి మొగం ఒకరం చూసుకున్నం. మా మామయితే, ఇది సర్కారు తిండి, నాకొద్దు అన్నడు."

పిల్ల ఈమాఱు నవ్వలేదు. "తర్వాత తిన్నాడా అమ్మమ్మా?" అని యడిగినది. "తినక యాడికి పోతడు!" అనిరి అత్తగారు.

ఆ కాలువ సాగరపు ఎడమ కాలువ. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేసిరి. 1967 ఆగష్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఆ నీటి క్రిందనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగినది. మునుగకముందు 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి తీసిన శిల్పములను, శాసనములను కొండకొనపై, అనగా నేటి ద్వీపముపై, మ్యూజియములో నుంచిరి. మేమును లాంచీలో పోయి చూచితిమి. గాలికి అత్తగారి కొంగు నిలువలేదు.

ఆ లోయలో దొరికిన శాసనములలో ఒకటి బోధిసిరి యను గృహిణి వేయించినది. సుమారు పదునేడువందల యేండ్లనాటిది. రాణి కాదు. ఆమె సింహళమునుండి వచ్చిన ఆచార్యులకొఱకు చైత్యగృహము కట్టించినది. సింహళ విహారములో బోధివృక్షమునకు గుడి కట్టించినది. ఆ పుణ్యములో భర్తకును, అత్తమామలకును, పుట్టినింటివారికిని పాలు పంచినది. ఆ యాచార్యులు ధర్మము బోధించిన దేశముల పేళ్లును వ్రాయించినది: కాశ్మీరము, గాంధారము, వంగము, యవనము... వానిలో "చీన" యును ఉన్నది.

ఈ మాట చెప్పగా అత్తగారు చాలసేపు నీటివంక చూచిరి. "అంత దూరపోళ్లు మనూళ్లో ఏం తిన్నరో!" అనిరి. భిక్షాపాత్రలో ఏ యిల్లాలు ఏమి పెట్టినదో శాసనమునకు ఎక్కదు గదా.

ఇల్లు చేరిన వారమునకు పిల్ల పట్టుపట్టి మంచూరియా చేయించినది. కోసుపువ్వును ఉప్పునీట ముంచి తీసి, పిండి పట్టించి, వేయించి, రంగు లేకుండ వండితిమి. అత్తగారు తాము స్వయముగా జొన్నరొట్టెలు కొట్టిరి. చేయి వణకి రెండు విఱిగినవి. రొట్టె తుంచి మంచూరియాలో అద్దుకొని తిని, ఉప్పెక్కువైనదనిరి. నిజమే. సోయా రసములోనే ఉప్పుండునను మాట మఱచి, మేము మరల వేసితిమి.